అద్దాలు విప్పిన బండి

మా చిన్నాయన పట్టుపురుగులను అల్లుళ్లు అనేవాడు. రోజుకు నాలుగు పూటలా మేపాలి, దగ్గర్లో పొగ రాకూడదు, వాసన నూనె రాసుకుని ఎవరూ ఆ గదిలోకి పోకూడదు. ఏ కాస్త తేడా వచ్చినా మూతి ముడుచుకుని మేత మానేస్తాయి. నిజం అల్లుడే నయం, రెండు రోజులుండి ఊరికి పోతాడు అని చిన్నమ్మను నవ్వించేవాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ మల్బరీ ఆకు తరిగేది.

పెనుకొండకు కాస్త దూరంలో మా ఊరు. అమ్మా నాయనా నా చిన్నతనంలోనే పోతే నన్ను సాకింది చిన్నాయన. తిట్టాలన్నా, నెత్తిన పెట్టుకోవాలన్నా ఆయనే. చిన్నాయనకు, చిన్నమ్మకు పిల్లలు లేరు. ఇంట్లో వాళ్లిద్దరు, చిన్నాయనను కన్న మా అవ్వ, నేను. తొంభైల చివర్లో నేను ధర్మవరంలో ఒక చీరల అంగట్లో పనిచేస్తూ వారానికోసారి ఊరికి వచ్చేవాణ్ని. అంగట్లో రోజంతా పట్టుచీరలు మడతలు విప్పి చూపించి, ఇంటికొచ్చి ఆ పట్టు కట్టే పురుగుల పెంట ఎత్తేవాణ్ని.

పురుగులు కట్టిన పట్టుగూళ్లు సిద్ధమైతే హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోవాలి. ఆలస్యం చేస్తే లోపలి పురుగుకు రెక్కలొచ్చి చిలకై, గూటికి చిల్లు పెట్టి బయటికి వస్తుంది. చిల్లు పడిన గూడు దారానికి పనికిరాదు. గూళ్లకు బరువుండదు గానీ మూటలు మాత్రం ఇంతింత అవుతాయి. బండి మీద వెనక సీటుకు అడ్డంగా ఒక మూట, ముందు ట్యాంకు మీద చేతుల మధ్య ఇంకో మూట. ముందు మూటది పల్చటి గుడ్డ. అద్దాల కాడలు తగిలి చిరిగిపోయేది. అద్దాల్లో చూద్దామన్నా వెనక మూట తప్ప ఇంకేమీ కనపడదు. అందుకే మా పక్క గూళ్ల రైతులు బండి కొన్న వారానికే అద్దాలు విప్పి అటక మీద పడేసేవాళ్లు. బండికి అద్దాలుంటే, వీడెవడో గూళ్లకు కొత్తోడని నవ్వేవాళ్లు.

మూటలు వేసుకుని చిన్నాయన తోలేది నా బండి. పాతదే, అద్దాలు మాత్రం ఉండేవి. ఆయనకు వాటి మీద మోజు. ఎక్కగానే కుడి అద్దంలో మీసం సవరించుకోనిదే బండి కదిలించడు. వెనక మూట కాస్త ఎడమకు జరిపి కట్టుకుంటే కుడి అద్దంలో దారి బాగానే కనిపిస్తుందని కూడా చెప్పేవాడు. ఒకసారి అద్దం కాడ తగిలి ముందు మూట చిరిగి, దారి పొడుగునా గూళ్లు రాలిపోయాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఊరంతా నవ్వుతున్నారు, నీ మీసానికి ఇంట్లో అద్దం లేదా అని కసిరి, ఆ ఆదివారమే స్పానర్ తీసుకుని రెండూ విప్పి అటక మీద పడేశాను. ఆయన పక్కనే నిలబడి, వద్దప్పా, ఉండనీ అని రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. సరేలే, బండి నీది అని నవ్వుతూ లోపలికి పోయాడు. చిన్నమ్మ అప్పుడు తోటలో ఉంది.

ఇక మా అవ్వ సంగతి. బయటికి పోయే మనిషిని ఎక్కడికని అడిగితే అపశకునమని ఆమె నమ్మకం. ఎవరైనా నోరుజారి అడిగారో, పోయేవాళ్లు ఎంత తొందరలో ఉన్నా వెనక్కి రావాల్సిందే, కూర్చుని నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాల్సిందే. ఈ చట్టం కింద నాకు తప్పిపోయిన బస్సులు ఎన్నో.

అద్దాలు విప్పిన మర్నాడు పొద్దున చిన్నాయన మూటలు కట్టుకుని బండి తీశాడు. నేను బస్సుకు పోదామని చెప్పులు వేసుకుంటున్నాను. అవ్వ నెత్తిన ఆకుమోపుతో తోట నుంచి ఎదురొచ్చింది. మోపు కిందినుంచి ఆమెకు బండి చక్రాలే కనిపించాయేమో, ఎవరో అనుకుని అడిగేసింది.

"యాడికప్పా పోతాండావు?"

చిన్నాయన పగలబడి నవ్వాడు. చట్టం పెట్టినామెకే శిక్ష పడాలన్నాడు. బండి స్టాండు వేసి, లోపలికొచ్చి కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, అవ్వ బుగ్గ గిల్లి బయలుదేరాడు. ఎక్కాక అలవాటుగా కుడివైపు చూశాడు. అక్కడ అద్దం లేదు. ఉత్తినే మీసం మీద చెయ్యి వేసుకుని, నన్ను చూసి కన్నుగీటి పోయాడు.

పెద్దరోడ్డు మీద హిందూపురం దారికి కుడివైపు తిరగబోతుండగా వెనకనుంచి వచ్చిన లారీ కొట్టింది. కబురొచ్చి నేను చేరేసరికి ప్రాణం పోయింది. రోడ్డు నిండా తెల్లగా గూళ్లు. లారీ డ్రైవరు పారిపోలేదు. గోరంట్ల పక్క మనిషి, నా వయసే ఉంటుంది, తల పట్టుకుని రోడ్డు వారన కూర్చున్నాడు. తన సీసాలో నీళ్లు చిన్నాయన నోట్లో పోశాడని అక్కడున్నవాళ్లు చెప్పారు. కానిస్టేబులు బండిని చూసి, దీనికి అద్దాలు లేవేమని అడిగాడు.

"పడినప్పుడు పగిలిపోయింటాయి సార్" అన్నాను.

ఆయన కింద గాజు ముక్కల కోసం ఒకసారి చూసి, నేను చెప్పిందే రాసుకున్నాడు. ఆ ఒక్క మాటతో తప్పంతా లారీ మీదికి పోయింది. లారీ వేగంగానే వచ్చిందని చూసినవాళ్లన్నారు, కాదనను. కానీ వెనక వస్తున్న లారీని చూసుకునే వీలు చిన్నాయనకు లేకుండా చేసింది నేను.

ఇంట్లో మాత్రం తప్పు ఇంకోచోటికి పోయింది. కర్మాంతరాల నాడు చిన్నమ్మ అందరి ముందూ తన అత్తను, అంటే మా అవ్వను, ఒక మాట అంది. నువ్వు అడక్కుంటే, కూర్చోబెట్టకుంటే, ఆ లారీ వచ్చే టయానికి ఆయన సోమందేపల్లి దాటి ఉండేవాడు అంది. అంతే, ఆ తర్వాత రెండేళ్లు చిన్నమ్మ అవ్వతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అవ్వ ముంచిన నీళ్లు మాత్రం ముట్టేది కాదు. అవ్వ కూడా ఎదురు చెప్పలేదు. ఇంట్లోంచి ఎవరు బయటికి పోతున్నా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది.

ఇదంతా చూస్తూ నేను నోరు మూసుకున్నాను. బండి బాగుచేయించుకుని అద్దాలు లేకుండానే తిప్పాను. అటక మీదినుంచి అవి దించితే, పగిలిపోయినవి ఎలా వచ్చాయని చిన్నమ్మ అడుగుతుందని భయం. పిరికితనానికి ఇంతకంటే వేరే పేరు లేదు.

రెండేళ్లకు పెనుకొండ కోర్టులో లారీ డ్రైవరు మీద కేసు విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. చిన్నమ్మ వచ్చింది. అవ్వ కూడా వస్తానని మొండికేసింది. నేను బోనులో నిలబడ్డాను. డ్రైవరు వకీలు లేచి, బండికి అద్దాలుండినాయా అని అడిగాడు. పాత జవాబే నోటిదాకా వచ్చింది. అంతలో వెనక బల్ల మీదినుంచి అవ్వ లేచింది.

"ఆ లారీ పిల్లోని తప్పేం ల్యాదు సామీ. యాడికని నేనే అడిగితి. నా కొడుకును నేనే సంపుకుంటి. రాసుకోండి."

ఒకరిద్దరు నవ్వారు. జడ్జిగారు చెయ్యెత్తి వాళ్లను ఆపి, అడగడం నేరం కాదు, కూర్చో అవ్వా అన్నారు. అవ్వ కూర్చోలేదు. రాసుకున్నారో లేదోనని గుమాస్తా వైపే చూస్తూ నిలబడింది. డెబ్భై ఏళ్ల మనిషి, చెయ్యని తప్పుకు శిక్ష వెయ్యమని అడుగుతోంది. నాకు దుఃఖం ఆగలేదు. అద్దాలు నేనే విప్పానని, ఆయన వద్దన్నా విప్పానని, పోలీసులకు అబద్ధం చెప్పానని, ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

బయటికొచ్చాక చిన్నమ్మ ఒకటే అడిగింది, ఆయన నిజంగా వద్దన్నాడా అని. రెండుసార్లు అన్నాడని చెప్పాను. ఆమె ముఖం తిప్పుకుంది. బస్సులో అవ్వ నా చెయ్యి పట్టుకుని ఊరొచ్చేదాకా వదల్లేదు. అద్దాలు లేకుంటే ఎవరూ చావరంట, తను అడగబట్టే అంతా జరిగిందంట. ఆ తప్పులో నాకు పాలివ్వడానికి కూడా ఒప్పుకోదు ఆ ముసల్ది. కొన్నాళ్లకు ఆ డ్రైవరును వదిలేశారని విన్నాను.

కోర్టుకు పోయొచ్చిన మర్నాడు పొద్దున అటక మీదినుంచి అద్దాలు దించి, వాకిట్లో అందరూ చూస్తుండగా బిగించాను. ధర్మవరానికి బయలుదేరి బండి ఎక్కాను. అవ్వ ఎప్పటిలా గోడవైపు తిరిగింది. అప్పుడు గడపలోంచి చిన్నమ్మ గొంతు వినిపించింది.

"యాడికి పోతాండావు?"

అవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. చిన్నమ్మ ఆమెనే చూస్తోంది.

"అడిగితే ఎవురూ సావరులే అత్తా. వానికి నీళ్లు తెచ్చియ్యి. నాగ్గూడా."

అవ్వ చెంబు తెచ్చింది. తొందరలో సగం నీళ్లు గడప మీదే ఒలికాయి. నేను దిగొచ్చి కూర్చుని తాగాను. మిగిలినవి చిన్నమ్మ తాగింది, గటగటా, చెంబు ఎత్తిపట్టి. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. నీ తప్పు లేదని చిన్నమ్మ నాతో ఏనాడూ అనలేదు. అనమని నేనూ అడగలేదు. నేను ఊరినుంచి బయలుదేరే ప్రతిసారీ యాడికని అడుగుతుంది, నీళ్లిస్తుంది. తర్వాత బండి దగ్గరికొచ్చి రెండు అద్దాలూ కొంగుతో తుడుస్తుంది. కుడి అద్దం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడుతుంది.