తీసేసిన గిన్నె

ఈ సంగతి నేనే రాయాలి, తప్పు నాది కాబట్టి. ఇంకెవరైనా చెబితే "పాపం, మంచికే చేశాడు" అని కలుపుతారు. ఆ మాట నాకు వద్దు.

మలేసియాలో మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో బజారు వెనక ఒక వియత్నాం ఆవిడకు నూడుల్స్ కొట్టు ఉంది. ఇక్కడి చైనా మనిషిని పెళ్లి చేసుకుని వచ్చింది, ఆయన పోయాక ఒక్కతే నడుపుతోంది. పెద్ద కుండలో గొడ్డు ఎముకలు ఉడుకుతాయి. మా తెలుగువాళ్లం అది తినమని తెలిసి, నా కోసం చిన్న కుండలో కోడి చారు విడిగా కాస్తుంది. మా మాటలన్నీ మలాయిలోనే. ఆవిడ నన్ను అబాంగ్ అంటుంది, అన్నా అన్నట్టు.

గోడమీద పెద్దల పటాల ముందు ఏడాదికోసారి ఒక గిన్నె ఎక్కువ పెట్టేది. అది తమ్ముడిది. పదిహేడేళ్లప్పుడు దేశం దాటిపోదామని పడవెక్కాడు, మళ్లీ కబురు లేదు. చచ్చిన రోజు తెలియదు గనక పడవెక్కిన రోజే పెట్టేది.

నేను ఎస్టేటు బడిలో ఆరో తరగతి దాకా చదివాను. తక్కినదంతా ఊరి లైబ్రరీయే నేర్పింది. ఇంగ్లీషూ అక్కడే పట్టుబడింది. ఆ గొప్ప నాకు చాలా ఉండేది. ఒకరోజు అమెరికా నగరాల్లో వియత్నాం పేటల గురించిన పుస్తకం దొరికింది. వీధి పొడుగునా వాళ్ల భాషలో బోర్డులు, వాళ్ల హోటళ్లు. ఆవిడకు చూపించి నా చదువు తెలియజేద్దామని పట్టుకెళ్లాను.

పేజీలు తిప్పుతూ ఒక నలుపు తెలుపు ఫొటో దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కుండ ముందు ఒక మనిషి, ఎడమచేత్తో గరిటె పట్టుకుని. చెవి కొస లేదు.

"కుక్క కరిచింది," అంది. "నేనే పసుపు అద్దాను."

ఫొటో కింది వాక్యం చదివాను: ఈయన ఈ హోటల్లో వంట చేస్తారు. చేస్తారు అనుంది కదా, ఉన్నట్టే! అదే చెప్పాను. అక్కడితో ఆగలేదు. "బతికున్నవాడికి తద్దినం పెట్టకూడదమ్మా, ఆయుష్షు తగ్గుతుంది. మావాళ్లు అస్సలు ఒప్పుకోరు," అన్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య పుస్తకం లాక్కుని చూసింది.

"ఏటి మావా, అక్క ముసిల్దయిపోయింది, తమ్ముడికి ఒక్క తెల్లెంటిక నేదేటి?"

"నీకేటి తెలుసు? పుస్తకం సదివినావా?"

"సదవనేదు లా," అంది, ఇక్కడందరిలా మాట చివర 'లా' తగిలించి. " కళ్లున్నాయి, సూసినాను."

నేను నవ్వేశాను. హోటల్ చిరునామా వెతికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చేలోగా తమ్ముడు పడవెక్కిన రోజు వచ్చింది. ఆవిడ పటాల ముందు అన్ని గిన్నెలూ పెట్టి, ఆ ఒక్కటీ పెట్టలేదు. దాన్ని బోర్లించి అలమరలో పెడుతూ నవ్వింది. ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి చూడటం.

రెండు నెలలకు జవాబొచ్చింది, హోటల్ యజమాని కూతురు రాసింది. అవును, ఎడమచేతి వంటవాడు, చెవి కొస లేనివాడు. చాలా మంచివాడు. పోయి పదకొండేళ్లయింది.

అప్పుడు పుస్తకం మొదటి పేజీ తీశాను. అచ్చయిన ఏడాది అక్కడే ఉంది. మా పెద్దమ్మాయి అప్పటికి పుట్టలేదు. వందల పుస్తకాలు చదివిన నేను ఆ ఒక్క లైను చూడలేదు.

కొట్టులో జనం తగ్గేదాకా కూర్చుని ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ ఏడవలేదు. చేతులు తుడుచుకుంది.

"అయితే మొన్న వాడు వచ్చి ఉంటాడు, అబాంగ్," అంది. "పెద్దలందరూ తింటుంటే నిలబడి చూసి వెళ్లి ఉంటాడు."

ఉత్తరం మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

తమ్ముడు పోయిన తేదీ అడుగుతూ మళ్లీ రాశాను, అది వచ్చింది. ఈసారి ఆ తేదీన నన్నూ నా భార్యనూ పిలిచింది. తమ్ముడి కోసం రెండు గిన్నెలు పెట్టింది. ఒకటి ఈ ఏటిది. రెండోది పోయినసారి నేను తీయించినది. దాని పక్కన చెంచా నన్నే పెట్టమంది. పెట్టాను.

పేర్లు రాయొద్దని ఆవిడ కోరింది గనక పేర్లు లేకుండానే దండం పెడుతున్నాను: తేదీ వెతికి పంపిన ఆ అమ్మాయికి, గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రరీ ఆవిడకు, కళ్లున్న నా భార్యకు. ఇంకా నా కోసం చిన్న కుండ ఇప్పటికీ పొయ్యిమీద పెడుతున్న ఆవిడకు.