ఏడో నెంబరు పుస్తకం

ఎనభైల చివర్లో, పెళ్లయిన కొత్తలో నేను నాచారంలోని ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పని చేసేదాన్ని. మా ఓనరు తన కవితల్ని చేత్తో తయారుచేసిన కాగితం మీద వంద ప్రతులే అచ్చువేసి, ఒక్కోదాని చివర పెన్నుతో నెంబరు రాశారు. ఏడోది నాకిచ్చారు. పుస్తకం పేరులో 'క' తలకట్టు విరిగిందని అంతా అయ్యాక చూసుకున్నాం. రెండోసారి వేసినప్పుడు ఆ అక్షరం మార్చాను. ఆ ప్రతులకు నెంబర్లు వేయలేదు.

కొన్నాళ్లకు ఉప్పల్‌లో ఒక లెక్చరర్ గారింటికి గృహప్రవేశం కార్డు ప్రూఫ్ తీసుకెళ్లాను. ఆయన అతిథులకు అదే పుస్తకం చూపిస్తూ, "మొదటి ముద్రణండీ, ఏడో నెంబరు!" అంటున్నారు. తొంగిచూస్తే 'క' తలకట్టు నిక్షేపంగా ఉంది. నోరు ఆగలేదు.

"సార్, గిది రెండోసారి ఏసింది. మొదటి దాంట్ల 'క' తలకట్టు ఇరిగింది. నేనే పేర్చిన. ఏడోది మా ఇంట్ల ఉంది."

"అక్షరాలు ఏరుకునేదానివి, నీకేం తెలుసే?" అన్నారు. అందరూ నవ్వారు. ఏడుపు ఆపుకుంటూ బయటపడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఆ లెక్చరర్ గారు ప్రెస్సులో అడ్రసు కనుక్కుని, స్వీట్ల డబ్బాతో మల్లాపూర్‌లో మా గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, ఆ ఏడోది నాకిచ్చేసి ఇది ఉంచుకో. నీకు రెండూ ఒకటే కదమ్మా" అంటూ, తాను దొంగ నెంబరు వేసుకున్న పుస్తకం నా ముందు పెట్టారు.

"డబ్బా గూడ తీస్కపోండి సార్" అని తలుపేశాను.

'నీకేం తెలుసే' అన్నందుకు పడిన బాధ ఎప్పుడో పోయింది. ఆ 'అమ్మా' గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లంతా కంపరమే.