దస్తగిరి తుడిచిన పిస్టల్

2001లో నేను నంద్యాలలో ఒక రైఫిల్ క్లబ్బుకు ఆర్మరర్‌గా ఉండేవాణ్ణి. ఆర్మరర్ అంటే తుపాకులను భద్రపరిచి, శుభ్రం చేసి, చిన్న మరమ్మతులు చూసుకునే మనిషి. అంతకుముందు లేత్ మిషన్ మీద పని. చదువు పదో తరగతితో ఆగింది కాని లెక్కలు ఆగలేదు. కొలవగలిగినదాన్ని కొలవకుండా వదిలితే నాకు తోచదు. పాణ్యం రోడ్డు వైపు, వాడకం మానేసిన ఒక నాపరాతి గనిలో మా రేంజి. మూడు వైపులా రాతి గోడ, గుండు బయటికి పోయే దారి లేదు.

టార్గెట్ పిస్టల్‌ను ఎన్నాళ్లకొకసారి తుడవాలి, ఎంత లోతుగా తుడవాలి అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు దస్తగిరి గుర్తొస్తాడు.

దస్తగిరిది ఆళ్లగడ్డ. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కూతురు మాబున్ని నంద్యాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఎన్‌సీసీలో రైఫిల్ పట్టి, అక్కడి నుంచి మా క్లబ్బులో పాయింట్ టూ టూ పిస్టల్‌కు వచ్చింది. ఆదివారాలు తండ్రీ కూతుళ్లు ఒకే బస్సులో దిగేవాళ్లు. ఆమె కాల్చినంతసేపూ ఆయన వెనక బెంచీ మీద కదలకుండా కూర్చునేవాడు. అయ్యాక నేను గుళ్లు నింపే మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందని చూసి ఇస్తే, ఇక పిస్టల్ ఆయనది.

చాంబర్ అంటే గుండు కూర్చునే గది, దాని ముందున్న గొట్టం బ్యారెల్. దస్తగిరి ఆ గొట్టంలో బ్రష్షు ఆడించి, మల్లుగుడ్డ ముక్కలు ఒకదాని వెనక ఒకటి దూర్చేవాడు. ముక్క తెల్లగా పోయి తెల్లగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. చివర పలుచగా నూనె. గుడ్డలు ఇంట్లోనే ఉతికి, కత్తిరించి, మడిచి తెచ్చుకునేవాడు.

"నాయనా, ఇంగ సాలు. బస్సు పోతాది" అనేది మాబున్ని.

"పోతే ఇంగోటి వస్తాది. తుప్పొస్తే పోతాదా?"

"తోమి తోమి గొట్టం అరగదీస్తాండావు."

"నువ్వు కాల్చు. నేను తుడుస్తా. ఎవురి పని వాళ్లది."

ఆ అమ్మాయి ప్రాక్టీసులో బాగా కాల్చేది. మ్యాచ్‌లోనే చిక్కు. మ్యాచ్‌లో మొదట ఐదు సైటర్లు ఇస్తారు. అంటే గురి సరిచూసుకునే, లెక్కలోకి రాని గుళ్లు. ఆ తర్వాత ఐదేసి గుళ్ల సిరీస్‌లు, అవన్నీ లెక్కే. మాబున్ని మొదటి సిరీస్ ఎప్పుడూ పాడయ్యేది. తర్వాతవి ఎంత బాగా కాల్చినా ఆ నష్టం పూడేది కాదు.

మా కోచ్ పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. "పాపకు గుండెకాయ సాల్లేదప్పా. లెక్కలోకి వస్తాదనంగానే చెయ్యి అదురుతాంది" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది, నమ్మింది కూడా.

హైదరాబాదులో జరిగే రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడింది. చదువు అయిపోతే నంద్యాల రాకపోకలు ఉండవు కనుక ఆమెకు మళ్లీ ఇలాంటి అవకాశం వచ్చేది కాదు. ఒకరోజు క్లబ్బు మ్యాచ్ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"మామా, నేను పోను. పేరు తీసేయమను. నాయనకు నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్తాడు."

"ఏందమ్మా, ఏమైంది?"

"భయపడేదాన్ని ఆడికి పోయి ఏం చేయాల?"

చెబుతానన్నాను కాని, ముందు ఆమె మ్యాచ్‌లో కాల్చిన టార్గెట్ కాగితాలు తెచ్చి టేబుల్ మీద పరిచాను. కుడిచేతి వాళ్లు భయంతో ట్రిగ్గర్ గుంజితే గుండు మామూలుగా కిందికి, ఎడమకు పోతుంది. మాబున్ని చిల్లులు పైన ఉన్నాయి. సిరీస్‌ల వరుసలో చూస్తే, మొదట పైన చెదిరి, తర్వాత ఒక్కొక్కటే దిగుతూ మధ్యకు వచ్చి, అక్కడ గుంపుగా నిలిచాయి. పాత మ్యాచ్‌ల కాగితాలు తీసినా అదే వరుస. భయానికి ఇంత క్రమశిక్షణ ఉండదనిపించింది.

ఈ పిస్టల్ గుండు సీసంది, దానిపైన మైనం పూత. కొన్ని గుళ్లు పోయాక ఆ మైనం గొట్టం లోపల పలుచగా పరుచుకుంటుంది. అప్పటి నుంచే గుళ్లు ఒకే దారిన పోతాయి. దస్తగిరి ఆ పొరను ఆనవాలు లేకుండా తుడిచి, దాని చోట నూనె పెడుతున్నాడు. మ్యాచ్ ముందు రోజైతే మరింత శ్రద్ధగా. పొర మళ్లీ ఏర్పడటానికి ఐదు సైటర్లు చాలవు. ప్రాక్టీసులో మొదటి గుళ్లను ఎవరూ పట్టించుకోరు కనుక బయటపడలేదు.

ఇది ఊహే కదా. మరుసటి రోజు పిస్టల్‌ను దస్తగిరి పద్ధతిలోనే తుడిచి కోచ్ చేతికిచ్చాను, మాబున్నిని పక్కన నిలబెట్టి. కోచ్ గుళ్లు కూడా పైన చెదిరాయి, తర్వాత దిగి మధ్యకు వచ్చాయి. కాసేపాగి, తుడవకుండా మళ్లీ కాల్చమన్నాను. ఈసారి మొదటి గుండు నుంచే మధ్యలో పడ్డాయి.

కోచ్ కాగితాలు రెండూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. "అయితే నాకూ గుండెకాయ సాలదన్నమాట" అని నవ్వాడు. తర్వాత మాబున్ని వైపు తిరిగి, "తప్పుగా అన్నాను తల్లీ" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "ఈ సంగతి నాయనకు ఎట్ల చెప్తాం?" అంది.

అదే నాకూ పట్టుకుంది. ఆదివారం దస్తగిరి మల్లుగుడ్డ కట్టతో వచ్చి కూర్చున్నాడు. నేను పిస్టల్ ఇవ్వకుండా అడిగాను.

"దస్తగిరన్నా, మిషన్‌కు నూనేసినాక సూది కింద ముందు ఏం పెడ్తావ్?"

"పాత గుడ్డ."

"గిరాకీ బట్ట పెట్టవా?"

"ఎవురన్నా పెడ్తారా? పాత గుడ్డ మీద తొక్కాల. నూనె మరక ఆగినాకనే..." అని ఆగిపోయాడు. నా చేతిలోని పిస్టల్‌ను చూశాడు, కూతుర్ని చూశాడు. నేను కాగితాలు ముందు పెట్టి విషయమంతా చెప్పాను. ఆయన మల్లుగుడ్డ కట్టను ఒళ్లోంచి తీసి బెంచీ మీద పెట్టాడు.

"అంటే నా బిడ్డ ఇన్నాళ్లూ గిరాకీ బట్ట మీదనే కుట్టె గదన్నా."

"నువ్వు చెడగొట్టినావని కాదు నాయనా" అంది మాబున్ని.

"మరి ఇంగ నాకు ఈడ ఏం పని?"

పని ఉంది. చాంబర్‌లో, దాని వెనక గుండు అడుగు ఆనే ఇనుప ముఖం మీద మసి పేరుకుంటే గుండు ఇరుక్కుని పిస్టల్ ఆగిపోతుంది. గుళ్లు పైకి వచ్చే మ్యాగజైన్ పెదవుల దగ్గర మైనం జిగట చేరుతుంది. ఇవి కాల్చిన ప్రతిసారీ తుడవాలి. బ్యారెల్ మాత్రం చిల్లుల గుంపు చెదరడం మొదలైతేనో, పిస్టల్‌ను చాలాకాలం మూలన పెట్టాల్సి వస్తేనో. తుడిచాక గొట్టం కుదురుకునేదాకా ఊరికే కాల్చాకే మ్యాచ్ మాట. ఇదంతా విని ఆయన చిన్న ముక్క ఒకటి మడిచి, చాంబర్ అంచు దగ్గర ఆపాడు. అక్కడి నుంచి ముందుకు పోకుండా వేలు బిగబట్టడం నాకు కనిపించింది.

హైదరాబాదుకు ముగ్గురమూ రైలులో పోయాం. క్లబ్బు కాగితాలు, పిస్టల్ ఉన్న పెట్టె రెండూ నా బాధ్యత. ఎంపికకు ముందు రోజు సాయంత్రం దస్తగిరి నా గదికి వచ్చాడు.

"ఒక్కసారి తెరువన్నా."

"ఏం చూడాల?"

"ఊరికే."

తెరిచాను. చొక్కా జేబులోంచి మల్లుగుడ్డ తీసి, కూతురి అరచెయ్యి ఆనే కొయ్య పిడిని మెల్లగా తుడిచాడు. గొట్టం వైపు చూశాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "మూసెయ్" అన్నాడు.

మర్నాడు మాబున్ని సైటర్లు కాల్చి, మొదటి సిరీస్ పూర్తిచేసింది. నేను దుర్భిణిలోంచి చూశాను. చిల్లులన్నీ నల్ల వృత్తం మధ్యలో ఉన్నాయి. పక్కకు జరిగి దస్తగిరిని చూడమన్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఆ మల్లుగుడ్డతోనే తుడుచుకుని పెట్టుకుని చూశాడు. జట్టు జాబితాలో ఆమె పేరు సాయంత్రం వచ్చింది కాని, మా ఇద్దరికీ ఆ సంగతి దుర్భిణి దగ్గరే తెలిసిపోయింది.

ఎంత తుడవాలో కాగితం మీది చిల్లులు చెబుతాయి, అది ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రేమ ఉన్న వస్తువు మీద చెయ్యి ఎక్కడ ఆపాలో మాత్రం నేను దస్తగిరి దగ్గరే నేర్చుకున్నాను.