కేటీ సిస్టర్

ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు కదా. సౌదీ వచ్చాక ఇకామా అనే నివాస అనుమతి కార్డులో ఆ ఇంటిపేరే నా పేరై కూర్చుంది. దాని ఇంగ్లీషు స్పెల్లింగు అక్కడివాళ్లు చదివిన తీరుకి, కాటి సుజాతను కాస్తా ఆపరేషన్ థియేటర్లో అందరికీ కేటీ సిస్టర్‌నైపోయాను.

ఆ మధ్యాహ్నం అజీజియా నుంచి ధహ్రాన్ వెళ్లే బస్సు ఇసుక గాలిలో దారి కానరాక ఆగిపోయింది. నా బ్యాడ్జీ చూసి, అవతలి సీట్లోని పెద్దాయన ఇంగ్లీషులో పలకరించాడు.

“కేటీ సిస్టర్, రేపు నా గుండె ఆపరేషన్ మీ దగ్గరే. నా ఇంటిపేరు గ్రేవ్స్.”

సమాధులా! నా మొహం చూసి నవ్వాడు.

“అందరూ అలాగే హడలిపోతారు. నిజానికి అది సమాధి కాదు. పూర్వం దొరల భూములు చూసే కార్యస్థుణ్ణి అలా పిలిచేవారు. మా వాళ్లది ఆ పని. మరి, మీ పేరుకి అర్థం?”

వెనక నుంచి మా జూనియర్ నర్సు నా భుజం గిల్లి తెలుగులో గొణిగింది. “చెప్పకక్కా. రేపు ఆపరేషన్ పెట్టుకున్న మనిషి.”

మా వాళ్లు కాటికాపరులు. ఆ పేరు అలా వచ్చింది.

“అర్థమేం లేదండీ, ఉత్త ఇంటిపేరు” అన్నాను.

మర్నాడు థియేటర్లో ఆయన నా కోసమే వెతుక్కున్నాడు. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మత్తెక్కి నాలుక మడతపడుతుంటే, ఆ దేశంలో మొదటిసారి ఒకరి నోట నా పేరు సరిగ్గా పలికింది.

“కాటి...”