రెండు వేళ్ళ గుడ్డ

నెల్లూరు కోర్టు ఎదురు వీధిలో, జెరాక్సు కొట్టుకీ టీ బంకుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది రోజారమణి కుట్టుమిషను. నల్లకోటు గుండీ ఊడినా, గౌను చంకలో చిరిగినా వకీళ్ళంతా ఆమె దగ్గరికే రావాల. గౌను ఆమె చేతిలో ఉన్నంతసేపు ఎంత పెద్ద వకీలైనా కదల్లేడు గదా. ఆ సందు చూసుకునే ఆమె అడిగేది.

"సార్, మధ్యంతర భరణం అంటే ఏంది?"

ఊసుపోక అడిగిన మాట కాదది. మొగుడు వెంకటేష్ కృష్ణపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటరు. కూతురు వినీలకి అయిదేళ్ళప్పుడు వీళ్ళని వదిలేసి ముత్తుకూరులో వేరే కాపురం పెట్టినాడు. బిడ్డకి భరణం ఇప్పించమని రోజారమణి ఫ్యామిలీ కోర్టుకెక్కింది. మొదటి వాయిదాలో ఎవరేమన్నా తలూపి వచ్చింది. దేనికి ఒప్పుకుందో ఆమెకే తెలీదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మనిషి, సిగ్గుతో ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పుడు పట్టింది పంతం.

విన్న మాటనల్లా సుద్దముక్కతో కటింగ్ బల్ల మీద రాసుకుని, తన పనిలోకి దించుకునేది. తీర్పు వచ్చేలోగా పిల్ల పస్తుండకుండా ఇప్పించేది మధ్యంతర భరణం. అంటే కచ్చాకుట్టు, అసలు కుట్టు పడిందాకా పట్టి ఉంచుతుంది. పిల్ల ఎవరి దగ్గర పెరగాలో చెప్పేది కస్టడీ. దగ్గర లేనివాళ్ళు వచ్చి చూసిపోయేది విజిటేషన్. రమ్మన్నా రానివాణ్ణి పక్కనబెట్టి కేసు నడిపితే ఎక్స్‌పార్టీ. "కొలతలియ్యడానికి రాకపోతే మాకు తోచినట్టు కుట్టేస్తాం, అంతేగా సార్" అంటే వకీళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, నవ్వుతూనే చెప్పేవాళ్ళు గదా.

రెండేళ్ళు తిరిగేసరికి రాజీ మాట వచ్చింది. వెంకటేష్ ఒకేసారి మూడు లక్షలిస్తాడంట, సంతకం పెడితే కేసు అయిపోతుందంట. అతని వకీలు చెంచురామయ్య గారు కాగితం తెచ్చినారు. ఆయన కూడా రోజారమణి దగ్గర గౌను కుట్టించుకునే మనిషే. "పెట్టెయ్ చెల్లే, పీడా పోతుంది" అన్నాడు అన్న నరేంద్రబాబు. ఆమెకీ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. వాయిదాలకి తిరిగి తిరిగి కాళ్ళరిగిపోయినాయి.

జడ్జిగారి ముందు పెన్ను తీసుకుని, కాగితం మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టింది. చివరి వరుసలో ఉంది అసలు సంగతి. ఇకమీదట మైనరు బిడ్డ తరఫున భరణం ఎప్పటికీ అడగకూడదంట. పెన్ను కింద పెట్టేసింది.

"ఏమ్మా, చదవడం రాదా?" అన్నారు జడ్జిగారు. ఆవిడ గొంతులో విసుగు లేదు.

"వచ్చు గాబట్టే పెట్టలేదు మేడమ్. నాకేమీ వద్దని రాయమంటే రాసిస్తా, అది నా ఇష్టం. పిల్ల హక్కు పిల్లది. దాన్ని నేనెట్ట రాసిస్తాను?"

అంతటితో ఆగలేదు.

"పెరిగే పిల్లకి స్కర్టు కుడితే లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదుల్తాం మేడమ్, ఎదిగే కొద్దీ విప్పడానికి. ఈ కాగితంలో పోగంత గుడ్డ కూడా వదల్లేదు. ఏడేళ్ళ పిల్లకి కొలిచి, పద్దెనిమిదేళ్ళ దాకా ఇదే తొడుక్కోమంటున్నారు."

హాల్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి చెంచురామయ్య గారి వైపు తిరిగినారు.

"ఏం వకీలు గారూ, లోపలి గుడ్డేదీ?"

ఆయన దగ్గినారు. ఇంకేం చేస్తారు పాపం. తల్లి సంతకంతో బిడ్డ హక్కు పోదని చెప్పి, ఆ రాజీని ఆవిడ పక్కన పెట్టేసినారు. రెండు నెలల్లో తీర్పొచ్చింది. నెలనెలా భరణం, పరిస్థితి మారితే పెంచమని అడిగే దారీ దక్కినాయి. అన్న నరేంద్రబాబు ఆ రోజంతా టీ బంకు దగ్గర తన చెల్లెలి తెలివి గురించి చెప్పిందే చెప్పినాడు, సంతకం పెట్టమన్నది తను కానట్టు.

నాలుగేళ్ళకి వినీల ఆరో తరగతికి వచ్చింది. ఫీజులు పెరిగినాయి, పిల్లా పెరిగింది. భరణం పెంచమని అర్జీ వేసింది రోజారమణి. ఈసారి వాయిదాలో ఎవరేమన్నా ప్రతి మాటా అర్థమైంది. పెంచినారు.

ఆ సాయంత్రం కొట్లో కూర్చుని వినీల యూనిఫాం స్కర్టు మడత విప్పింది. పక్కన స్టూలు మీద బడేసాహెబ్ తాత. ఆమెకి పని నేర్పిందీ, చూపు తగ్గాక మిషను అప్పజెప్పిందీ ఆయనే. స్కర్టు అందుకుని అంచు వేళ్ళతో తడిమి చూసినాడు.

"ఏమ్మే, లోపల ఇంకో మడత ఉండిపోయిందే?"

"ఉండనీ తాతా," అంది రోజారమణి, సూదిలో దారం ఎక్కిస్తూ. "పద్దెనిమిదికి ఇంకా ఏడేళ్ళుంది."