అన్నం మానేసి మురీ మీద పడ్డాను

నా నెత్తుట్లో ఉన్న చక్కెరతో కోల్‌కతా మిఠాయి దుకాణాలన్నీ పూజల నెలంతా నడిచిపోతాయని డాక్టరు నోటితో అనలేదు, ఆయన ముఖం అంది. నోటితో అన్నది ఒక్కటే: మూడు నెలల్లో షుగర్ దిగకపోతే రేవులో నేను నడిపే క్రేన్ మీంచి నన్ను దింపి, గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు.

నేను క్రేన్ ఎక్కితే హుగ్లీ నది మొలతాడంత కనిపిస్తుంది. మబ్బులు తప్పుకుని దారి ఇస్తాయి. అలాంటివాడికి స్టూలా? ఎవడు దింపుతాడో చూస్తాననుకున్నాను.

ఆ పూటే అన్నానికి విడాకులిచ్చేశాను. మాది శ్రీకాకుళం వైపు. మూడు పూటలా అన్నమే తిని ఎదిగిన వంశం. క్వార్టర్స్‌లో గుమ్మం గుమ్మానికీ వెళ్లి ఈ వార్త చెప్పాను. రేవుకెళ్లే మెటియాబ్రుజ్ బస్సులో పక్కవాడు అడక్కపోయినా చెప్పాను. అన్నం బదులు మురీ పట్టాను. అంటే మన మరమరాలే. కడుపు బాగాలేకపోతే ఇక్కడివాళ్లు తినేది అదేగా, ఇంతకు మించిన పథ్యం ఏముంటుంది? ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు వేసి కొత్త బకెట్లో కలిపేవాణ్ణి.

"ఏటి మావా, తింతన్నావా, గోనె నింపుతన్నావా?" అంది మా ఆవిడ.

"అన్నం మానేసినానే! ఇంకేటి మానీమంటావు, ఊపిరా?"

నెల తిరిగాక మళ్లీ రక్తం తీశారు. షుగర్ నాకంటే ఎత్తు ఎక్కి కూర్చుంది. నేను డాక్టరు బల్ల గుద్దాను.

"మీ మిషను తప్పు! నెల రోజులుగా మెతుకు ముట్టలేదు."

"మరేం తింటున్నారు?"

"మురీ." చేతులు చాచి బకెట్ కొలత చూపించాను.

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "అరే దాదా, మురీ చెట్టుకి కాస్తుందా? అదీ బియ్యమే!"

వరి పండే జిల్లాలో పుట్టిన నాకు ఆ ముక్క బెంగాలీ డాక్టరు చెప్పాడు. సంగతి విని మా ఆవిడ నవ్విన నవ్వుకి మూడంతస్తుల క్వార్టర్స్ కదిలాయి. మర్నాటి నుంచి గరిటెడు అన్నం, పళ్లెంలో సగం తోటకూరో బీరకాయో, రెండు చేపముక్కలు. ఆ గరిటెను చూసి రోజూ గొడవపడ్డాను. కోపంతో బస్సు మానేసి రేవుకి నడిచాను.

ఒప్పుకోవడం నాకిష్టం లేదు కానీ, మధ్యాహ్నం క్రేన్లో ముంచుకొచ్చే కునుకు పోయింది. నది గాలికి వస్తుందని ఇన్నాళ్లూ దబాయించాను. కింద మనుషులు నడుస్తుంటారు, వాళ్ల తలల మీంచి నేను ఇనుము తిప్పుతుంటాను. ఆ సంగతి తలుచుకున్న రోజు గొడవ మానేసి తిన్నాను.

మూడో నెల చివర షుగర్ దిగింది, నేను దిగలేదు. ఈ ఊళ్లో శుభవార్త ఏదైనా నోట్లో మిఠాయి పెట్టాల్సిందే, కాదంటే అవమానం. షుగర్ దిగినందుకు మా క్రేన్ షెడ్డువాళ్లు కుండెడు రసగుల్లాలు తెచ్చారు. మా వైపు నుంచే వచ్చిన తోటి డ్రైవరొకడు పాకం కారుతున్నదాన్ని నా మూతి దాకా తెచ్చాడు.

"ఒక్కటి తింటే పేణం పోద్దేటి బావా?"

"పేణం పోదు, క్రేన్ పోద్ది. నువ్వు తిను!"

షెడ్డంతా మూతి ముడిచింది. ముడుచుకోనీ. నేను నిచ్చెన పట్టుకుని పైకెక్కాను.