పిన్ని హస్తవాసి

మా చిన్నప్పుడు... మండపేటలో మా ముందుగదిలో, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని ఒక మ్యూజిక్ సెట్టు ఉండేది. మామూలు టేప్‌రికార్డర్ కాదండోయ్! తాకితే చాలు పనిచేసే మీటలు, పచ్చటి అంకెలు వెలిగే అద్దం... నాన్న కాకినాడలో ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చారు. నాన్న, బాబాయి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

పిన్ని కాపురానికి వచ్చిన కొత్తలో, "ఇవాళ నువ్వు పెట్టు పాట" అన్నాడు బాబాయి మురిపెంగా. పిన్ని చెయ్యి పమిటకి తుడుచుకుని మీట నొక్కింది. అంతే... పాట బదులు రేడియో గరగరమంది. సౌండు దానంతటదే పెరిగిపోయింది, అంకెలు గంతులేశాయి. బాబాయి పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు.

మామ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏంటమ్మాయ్, నీ హస్తవాసి ఇలా ఉంది!"

అందరం నవ్వాం. పిన్ని కూడా నవ్వింది, పాపం.

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. పాలు తోడుకోకపోతే పిన్ని చెయ్యే... విత్తనాలు మొలవకపోతే పిన్ని చెయ్యే... ఆవకాయ కలిపే రోజు "నువ్వు జాడీలు తుడువు చాలు" అనేవారు. ఆవిడ పుట్టింట్లో ఉన్న రోజు సెట్టు మొరాయించినా, "వెళ్ళే ముందు ముట్టుకుని ఉంటుంది" అన్నారు! మేం పిల్లలం మాత్రం తక్కువ తిన్నామా? "పిన్ని వస్తోంది, ప్లగ్గు పీకండర్రా!" అని అదో ఆట మాకు.

ఇప్పుడు నేను భీమవరంలో ఇంజినీరింగ్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. మొన్న సెలవుల్లో, ఎప్పుడో నాతో తెచ్చుకుని అటకెక్కించిన ఆ సెట్టు దింపించి మూత విప్పాను. లోపల మైక్రోకంట్రోలర్... ఏ మీట నొక్కితే ఏం జరగాలో చూసుకునే చిప్పు. దానికి కరెంటు సరిగ్గానే అందుతోంది. దానికి లయ అందించే క్రిస్టల్ కూడా బాగానే ఉంది. మరి ఎందుకీ తిక్క అని రీసెట్ పిన్ను వెంట వెళ్ళాను. ఆన్ చేయగానే చిప్పుకి "మొదటినుంచి మొదలుపెట్టు" అని కబురు వెళ్ళే దారి అది. పక్కనున్న చిన్న బ్యాటరీ కారి, ఆ రాగి గీత చిలుము పట్టి తెగిపోయింది. కబురు అందని చిప్పు తనకి తోచింది చేస్తోంది.

తెగినచోట ఎవరో ఎప్పుడో సన్నటి తీగ ఒకటి అతికించారు. అదీ సగం ఊడింది... తగిలితే పనిచేస్తుంది, లేకపోతే లేదు. ఇప్పుడు కాకినాడలో ఉంటున్న నాన్నకి ఫోన్ చేశాను.

"మనింట్లో దీన్ని ఎవరైనా విప్పారా నాన్నా?"

"ఎవరూ విప్పలేదమ్మా..." అన్నారు. తర్వాత నసిగారు. "అమ్మినాయన ముందే చెప్పాడులే, అప్పుడప్పుడూ మొరాయిస్తుందని. అందుకే చవగ్గా ఇచ్చాడు."

"మరి పిన్నిని అంతలేసి మాటలంటుంటే చెప్పలేదేం?"

"పాడైన సరుకు మోసుకొచ్చానని మీ మామ్మ తిడుతుందని... తర్వాత ఇంక ఏం చెప్తానమ్మా!"

నాన్న మీద కోపం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. మా ఇల్లంటేనే సిగ్గు వేసింది.

కొత్త తీగ అతికించి, సెట్టు పట్టుకుని మండపేటలో పిన్ని దగ్గరికి వెళ్ళాను. నాన్న నాతో రానన్నారు. పిన్ని చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది.

"నువ్వే నొక్కవే అమ్మడూ. మళ్ళీ పాడైపోతుంది."

అంతా చెప్పాను. నాన్నకి ముందే తెలుసన్నది కూడా. ఆవిడ కోప్పడలేదు. సెట్టు వంకే చూస్తూ అంది.

"మా మనవరాలి అన్నప్రాశనకి మొదటి ముద్ద నన్నే పెట్టమన్నారే... నేనే వద్దన్నాను. నా చెయ్యి తగిలితే పిల్లకి ఏమవుతుందోనని."

నేను తల ఎత్తలేకపోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టాను. పాట వచ్చింది. పిన్ని మాత్రం వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇప్పుడు పాటలన్నీ ఫోన్లలోనే. మొరాయిస్తే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం, ఎవరి చేతినీ అనం... అప్పుడు మాకు ఆ మాత్రం తోచలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పేరు మోస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి. ముందు మాత్రం... ఓసారి మూత విప్పి చూడండి.